కృష్ణ స్టేషన్‌కు ఖాళీ డబ్బా

పెళ్ళయి బంబై వచ్చి, కామాఠీపురాలో గదికొక కుటుంబం ఉండే చాల్‌లో అడుగుపెట్టిన రోజు, తలెత్తి చూస్తే నా నెత్తిమీద ఒక తలుపు వేలాడుతోంది. మాట వరసకు అనడం లేదు, నిజంగా తలుపే. ఎక్కడో కూల్చేసిన ఇంటిది తెచ్చి, నాలుగు మూలలా తాళ్ళు కట్టి, దూలానికున్న కొక్కేలకు తగిలించారు. ఉన్నది ఒకటే గది. అందులో అత్త, మామ, నా పెనిమిటి, వాళ్ళకు తోడు ఇప్పుడు నేను. ఇంత ఇరుకులో ఈ తలుపేమిటని అడగాలనిపించింది కానీ కొత్త కోడలిని కదా, నోరు కట్టుకున్నాను. ఆ కట్టు ఎక్కువ రోజులు నిలవలేదు.

మా మామ వయసులో ఉన్నన్నాళ్ళూ ఓడరేవు దగ్గరి గూడ్సు షెడ్డులో హమాలీగా పనిచేశాడు. నడుము పట్టేసి ఇంట్లో కూర్చున్నాక ఈ తలుపు వ్యవహారం మొదలుపెట్టాడట. మధ్యాహ్నం అత్త గిన్నెలు తోమడానికి నల్లా దగ్గరకు వెళ్ళగానే తాడు వదిలేవాడు. తలుపు మెల్లగా దిగి మంచం మీద ఆగేది. దాని మీద రైలు పట్టాలు, చోర్ బజార్‌లో దొరికిన రేకు ఇంజను, నూనె డబ్బాల రేకు కత్తిరించి తన చేత్తో చేసుకున్న గూడ్సు డబ్బాలు. ఇంజనుకు చావి తిప్పితే సగం దూరం నడిచి ఆగిపోయేది. మిగతా సగం మామ వేలితో నెట్టేవాడు. ముసలాయనకు ఈ వయసులో ఆటబొమ్మలేమిటని మొదట్లో లోలోపలే నవ్వుకున్నాను. తర్వాత పైకే నవ్వాను. ఆయన ఏమీ అనుకోలేదు.

మనుషులెక్కే పెట్టె ఒక్కటీ లేదేమని ఒకరోజు అడిగాను.

"మనుషులు ఎట్లనన్న వస్తరు బిడ్డా," అన్నాడు. "సామానట్ల గాదు. ఎవరన్న పంపితేనే వస్తది."

ఆయన ధ్యాసంతా ఆ సామాను మీదే. పట్టాల పక్కన ఎక్కడ ఏ కార్ఖానా ఉండాలో సుద్దముక్కతో తలుపు మీద గీసేవాడు, తడిబట్టతో చెరిపేవాడు, మళ్ళీ గీసేవాడు. ప్రతి కార్ఖానానూ రెండే ప్రశ్నలు అడగాలనేవాడు. నువ్వు ఏం ఇస్తావు, నీకు ఏం కావాలి? ఆ రెంటికీ జవాబు చెప్పగలిగిన కార్ఖానాకే పట్టాల పక్కన చోటు. షాబాద్‌లో బండల గని పెట్టాడు. అక్కడ డబ్బాలోకి ఎక్కిన బండలు బంబైకి వచ్చి మా చాల్ నేలలాంటి నేలలవుతాయి. రాయచూరులో దూది జిన్నింగు మిల్లు. ఆ దూది బంబై బట్టల మిల్లుకు రావాలి, అక్కడినుంచి గుడ్డల తానులు వెనక్కి పోవాలి. షోలాపూర్‌లో చద్దర్లు నేసే మగ్గాలు. ఇవన్నీ ఏమిటని చూస్తే అగ్గిపెట్టెలు, సిగరెట్టు అట్టలు, మందుసీసా మూతలు. కానీ ఆయన పక్కన కూర్చుని రెండు రోజులు వింటే అవి అగ్గిపెట్టెల్లా కనిపించడం మానేసేవి.

ఆ ఆటలో ఆయనకు ఒక పట్టింపు ఉండేది. లేనిది ఉన్నట్టు పెట్టకూడదు. బట్టల మిల్లు పొగగొట్టం మీద చిటికెడు దూది అతికించి ఉండేది, పొగకు గుర్తుగా. నిజం మిల్లుల్లో సమ్మె మొదలైందని తెలియగానే మామ ఆ దూది పీకేశాడు. రాయచూరు దూది డబ్బాలను కూడా పక్క పట్టా మీదికి నెట్టి నిలిపేశాడు. ఎన్నాళ్ళిలా అని నా పెనిమిటి అడిగితే, వాళ్ళు తెరిచేదాకా అన్నాడు. ఆ పొగగొట్టం మీద మళ్ళీ దూది పెట్టడం నేనైతే చూడలేదు.

నేను కాపురానికి వచ్చిన కొన్నాళ్ళకు, తలుపు ఆ చివర మా ఊరికి చోటు దొరికింది. మాది పాలమూరు జిల్లా, కృష్ణ స్టేషన్‌లో దిగి ఎడ్లబండి ఎక్కి వెళ్ళాలి. మామ సుద్దముక్క పట్టుకుని, మీ దిక్కు ఏముంటయ్ బిడ్డా అని అడిగాడు. నాకు హుషారొచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ పెట్టమన్నాను, పక్కన సినిమా టాకీసు కూడా పెట్టమన్నాను. ఆయన నవ్వలేదు, సుద్దముక్క గాల్లోనే పట్టుకుని ఆగాడు. చివరికి నిజం చెప్పాను. పల్లికాయ, ఆముదాలు, కందులు, జొన్నలు. నది పక్కనే పారుతున్నా మా పొలాలకు నీళ్ళెక్కవు, వరి పండదు, అన్నం వండేది పండగలకే. అంతా విని, మా స్టేషన్ పక్కన ఒక చిన్న నూనె మిల్లు పెట్టాడు. పల్లినూనె, ఆముదం అక్కడ ఎక్కించుకుని ఒక డబ్బా బంబైకి రావడం మొదలైంది.

మరి మీ ఊరికి ఏం కావాలి అన్నాడు. రెండో ప్రశ్న.

నాకెందుకో ఒళ్ళు మండింది. మా ఊరికి ఏదీ రాదు, అక్కడినుంచి పోవడమే తప్ప అన్నాను. వాన ముఖం చాటేస్తే మనుషులు కూడా పోతారు, మేస్త్రీ వెంట గుంపులు గుంపులుగా, ఎక్కడో డ్యాములు కట్టడానికి. మా అమ్మానాన్నా అలా పోయేవాళ్ళే.  మా స్టేషన్ డబ్బా వచ్చినప్పుడల్లా బంబైలో నూనె దించి ఖాళీగా వెనక్కి వెళ్ళేది. గూడ్సు షెడ్డు మనిషికి అంతకు మించిన బాధ లేదు. ఖాళీ డబ్బా పోతుంటే చూడబుద్ధి గాదు అనేవాడు.

ఒకసారి పక్క గది ఆడవాళ్ళు రైలు చూడ్డానికి వస్తున్నారని తెలిసి, నేను గుట్టుగా గుప్పెడు బియ్యం తీసి మా స్టేషన్ డబ్బాలో పోశాను. మా ఊళ్ళో జొన్నరొట్టె తప్ప ఏమీ లేదని వాళ్ళు అనుకోకూడదని నా గొప్ప. మామ చూశాడు.  వాళ్ళు వెళ్ళిపోయాక ఒక్క గింజ కూడా వదలకుండా ఏరి నా చేతిలో పెట్టాడు.

"లేని రైసుమిల్లుకెల్లి మాల్ ఎట్ల ఎక్కుతది బిడ్డా?" అన్నాడు.

ఆ సాయంత్రమంతా నేను మూతి ముడుచుకునే ఉన్నాను. జొన్నరొట్టె చేసి కంచంలో పెట్టి, మా ఊరి సరుకు వచ్చింది తిను మామా అన్నాను. ఆయన ఇంకొకటి అడిగి మరీ తిన్నాడు.

నాకు నెల తప్పిందని తెలిసినప్పుడు అత్త మొదట చూసింది ఆ కొక్కేల వంకే. అవి ఊయలకని పెట్టించినవట, నీ గాడీ ఖాలీ చెయ్యమని మామకు నోటీసిచ్చింది. టైము రానీ, దించుతా అన్నాడాయన. ఆ నెలల్లో ఇద్దరూ నన్ను కూర్చోబెట్టి చూసుకున్నారు. అత్త నోరు పెద్దది కానీ చేయి ఇంకా పెద్దది. నా కంచంలో నెయ్యి పడ్డాకే మిగతావాళ్ళ కంచాల సంగతి.

ఏడో నెల దగ్గరపడుతున్నకొద్దీ నాకు దిగులు మొదలైంది. తొలి చూలు ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు వచ్చి ఒడి నింపాలి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికెగుడ్డ కొంగులో పోసి, పుట్టింటికి తీసుకుపోవాలి. మా చాల్‌లో ఏ కోడలికైనా అంతే, అవతలి మరాఠీవాళ్ళకూ అంతే. కింది అంతస్తు అమ్మాయికి వాళ్ళ అమ్మానాన్నా ట్రంకుపెట్టెతో దిగితే మెట్లన్నీ సందడే. నేను పైనుంచి చూసి లోపలికొచ్చేశాను.

ధారావిలో ఉంటూ కట్టుబడి పనులకు వెళ్ళే మా ఊరి మనిషి ఒకాయన అప్పుడే ఊరికి వెళ్ళొచ్చాడు. మా ఇంటికి తాళం ఉందని ఆయనే చెప్పాడు. అమ్మానాన్నా గుంపుతో గుజరాత్ వైపు డ్యాము పనికి పోయారు, పని అయ్యేదాకా మేస్త్రీ ఎవరినీ వదలడు. నా సంగతి వాళ్ళకు తెలుసో లేదో కూడా ఆయనకు తెలియదు. నాకు ఒడి నింపించుకోవాలన్న సరదా ఏమీ లేదని అందరికీ వినబడేలా చెప్పి, నల్లా దగ్గరకు పోయి కూర్చుని ఏడ్చాను. అమ్మ మీద కోపం, మేస్త్రీ మీద కోపం, వాన మీద కోపం. అన్నిటికంటే, నన్ను తలచుకునేవాళ్ళు ఆ దిక్కున ఎవరూ లేరేమోనన్న భయం. బిడ్డను కడుపులో పెట్టుకుని నేనే తల్లి లేని పిల్లలా అయిపోయాను.

అత్త రాత్రి అన్నం తినిపిస్తూ తనకూ మనసు పీకుతోందని చెప్పింది. కానీ అత్తింటివాళ్ళు పోస్తే అది ఒడి కాదు, పుట్టింటి గింజ పడాలి, అది మార్చడం తన చేతుల్లో లేదంది. మామ గోడకానుకుని వింటున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నన్ను తలంటుకుని కొత్త చీర కట్టుకోమని, తలుపు మీద బంబై స్టేషన్ ఉండే మూలన కూర్చోమని చెప్పాడు మామ. తాడు వదిలాడు. తలుపు దిగింది. మంచం అంచున కూర్చుని చూశాను. ఆ చివర కృష్ణ స్టేషన్ దగ్గర, నూనె మిల్లు పక్కన కొత్తగా ఒక అగ్గిపెట్టె ఉంది. దానికి చీపురుపుల్ల పొగగొట్టం, దాని కొసన చిటికెడు దూది. ముందు నిలబడిన డబ్బాల్లో పసుపు బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు. కడపటి డబ్బా మీద మడత పెట్టిన రవికెగుడ్డ.

అత్త నడుం మీద చేయి పెట్టుకుని అడిగింది, ఇంట్లో డబ్బాలోంచి తీసిన బియ్యం పుట్టింటివి ఎట్లయితయని.

"ఇంట్లయి గావు. కృష్ణ స్టేషన్ల ఎక్కినయ్," అన్నాడు మామ.

"పోసేది నువ్వే గద."

"పోస్తలేను. మాల్ దించుతున్న. హమాలీకి వావి ఏముంటది?"

 అత్త కుంకుమ భరిణె తెచ్చి నాకు బొట్టు పెట్టింది, కాళ్ళకు పసుపు రాసింది. మామ ఇంజనుకు చావి తిప్పాడు. అది షాబాద్ దాకా వచ్చి ఆగింది. అక్కడినుంచి వేలితో నెట్టుకుంటూ, షోలాపూర్ దాటించి, పొగ లేని బట్టల మిల్లు ముందునుంచి నా దగ్గరకు తెచ్చాడు. నేను కొంగు పట్టాను. ఆయన నా ముఖం వంక చూడకుండా, షెడ్డులో దించినంత శ్రద్ధగా ఒక్కొక్క డబ్బా వంచాడు. గింజలు కొంగులో పడుతుంటే కడుపులో బిడ్డ కదిలింది. నీళ్ళు నిండి నాకు కళ్ళు కనబడలేదు.

ఏడుపు దిగమింగుకోవడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే, ఎదురు మాట్లాడడం. "మా ఊర్ల రైసుమిల్లు లేదు గద మామా," అన్నాను. "లేని మిల్లుకెల్లి మాల్ ఎట్ల ఎక్కింది?"

ఆయన చేతులు దులుపుకున్నాడు.

"మొన్ననే పడ్డది బిడ్డా," అన్నాడు.

అత్త ముక్కు చీది, కొంగులోంచి కాసిని గింజలు వెనక్కి వెయ్యమని నాకు గుర్తుచేసింది. పుట్టిల్లు చల్లగా ఉండాలని ఒడి నిండిన ఆడపిల్ల అలా వెయ్యాలి. ఎక్కడ వెయ్యాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దోసిట్లో పట్టినన్ని తీసి మా స్టేషన్ డబ్బాలో పోశాను. మామ దాన్ని వెనక్కి నెట్టుకుంటూ తీసుకుపోయాడు. ఆ డబ్బా మా ఊరికి ఖాళీగా పోకపోవడం అదే మొదటిసారి.