లక్ష్మీపతి బొటనవేలు

రాజుల కత్తుల గురించీ రాణుల ముక్కుల గురించీ చరిత్రకారులు గ్రంథాలు రాశారు. అమెరికాలోని చాండ్లర్ పట్టణంలో 2009 ప్రాంతంలో తెలుగువాళ్ళ తొడల మీద ఏకచ్ఛత్రంగా పరిపాలన సాగించిన లక్ష్మీపతి కుడిచేతి బొటనవేలి గురించి మాత్రం ఒక్క శాసనమైనా లేదు. ఆ లోటు తీర్చవలసి ఉంది.

క్రికెట్ మైదానంలో ఎవడైనా కుంటుతూ కనిపిస్తే చాలు, ఎక్కడ నొప్పి అని అడగకముందే ఆ వేలు వెళ్ళి దిగబడేది. అవతలివాడు కెవ్వుమనేవాడు. "పట్టేసింది" అని లక్ష్మీపతి తీర్పు చెప్పేవాడు. గజ్జల్లో లాగినా పట్టేయడమే, తుంటి కలుక్కుమన్నా పట్టేయడమే. రోగం ఒకటే కనక మందూ ఒకటే. నువ్వులనూనెలో వాము, వెల్లుల్లి, కర్పూరం వేసి కాచిన తైలం. అది పాత ఆవకాయ సీసాలో, కారు డాష్‌బోర్డ్ మీద కొలువై ఉండేది. వేడి చేసే బాధ్యత అరిజోనా ఎండ తీసుకునేది.

ఉద్యోగం చిప్‌లు తయారుచేసే కంపెనీలో. పాడైన చిప్ ఎందుకు పాడైందో కనిపెట్టడం అతని పని. అక్కడ అతని నియమనిష్ఠలు చూసి తీరాలి. పాడైనదాన్ని ఎవర్నీ వేలితో తాకనివ్వడు. ముందు ఎక్స్‌రే, తర్వాతే మిగతా విచారణ. కొత్తగా చేరిన పిల్లవాడొకడు తొందరపడి ఒక ముక్కని కదిపితే, మీటింగ్‌లో అందరి ముందూ వాడికి కళ్ళనీళ్ళు తెప్పించాడని ప్రతీతి. ఆదివారం నాడు ఆ నియమం ఆఫీసులోనే విశ్రాంతి తీసుకునేది.

అతని భార్య హైమ ఫిజియోథెరపిస్టు. కాలేజీ ఆటగాళ్ళ తొడలూ తుంట్లూ బాగుచేసే క్లినిక్‌లో పని. ఈ సంగతి లక్ష్మీపతి ఆడే క్రికెట్ టీమ్‌లో అందరికీ తెలుసు. అందుకని ఆమె చేత పులిహోర తెప్పించుకునేవాళ్ళు.

టీమ్‌కి ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ శశికాంత్. వరంగల్ మనిషి. వారమంతా మేనేజర్ ముందు తల వంచుకుని, ఆదివారం ఒక్కపూట తల ఎత్తుకునేవాడు. వీసా సంగతి, గ్రీన్‌కార్డ్ సంగతి ఎవరు అడిగినా స్కోరు చెప్పేవాడు. మే నెలలో సెమీఫైనల్ జరిగింది. ఎండ మండిపోతోందని థై ప్యాడ్ కట్టుకోకుండా దిగాడు. లేచిన బంతి ఒకటి తొడ ముందుభాగంలో ధడాలున తగిలింది. మ్యాచ్ గెలిచారు. శశికాంత్‌ని మాత్రం ఇద్దరు మోసుకొచ్చి షామియానా కింద పడేశారు.

హైమ పులిహోర డబ్బా వదిలి వచ్చింది.

"శశీ, బోర్లా పడుకుని మోకాలు వంచు."

సగం కూడా వంగలేదు.

"లోపల రక్తం కారుతోంది. మోకాలు వంచి కట్టేసి ఐస్ పెడదాం. రేపటిదాకా అలాగే ఉండాలి. నూనె, కాపడం, మర్దన ఏవీ వద్దు."

"వంచి కడితే బిగుసుకుపోదూ? రెండు వారాల్లో ఫైనల్ ఉందమ్మా," అన్నాడు కెప్టెన్ కృష్ణమోహన్.

"మోకాలు వంచితే తొడ ముందు కండ సాగి ఉంటుంది, లోపల రక్తం పేరుకోవడానికి చోటుండదు, అన్నయ్యగారూ."

"హైమా, ఇది మీ క్లినిక్కు తొడ కాదు," అన్నాడు లక్ష్మీపతి, సీసా మూత తీస్తూ. "చద్దన్నం తిని పెరిగిన తొడ. నువ్వు పులిహోర సంగతి చూడు."

అందరూ నవ్వారు. మర్యాదకి శశికాంత్ కూడా నవ్వాడు. దాన్నే అనుమతిగా తీసుకున్నారు.

ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. తైలం పడింది. వేలు దిగింది.

"అన్నా, మెల్లగన్నా! పానం పోతున్నది!"

"పోయేది పానం కాదురా, పట్టు."

"అరవకు బాబూ, పక్క గ్రౌండ్‌లో తమిళవాళ్ళు వింటున్నారు. పరువు పోతుంది," అన్నాడు కృష్ణమోహన్.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం లక్ష్మీపతి ఆఫీసు నుంచి నేరుగా శశికాంత్ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి కాపడం పెట్టి, మర్దన చేసి, కాఫీ తాగి వచ్చేవాడు. అలాంటి సేవ సొంత తమ్ముడైనా చేయడు. తొడలో గట్టిగా ఒక గడ్డ తేలింది. "కండ కడుతోంది," అని వచ్చినవాళ్ళకల్లా దాన్ని నొక్కి చూపించాడు.

ఫైనల్లో శశికాంత్‌ని దింపారు. ఒక్క బంతీ ఎదుర్కోకుండా, మొదటి పరుగుకే పిచ్ మధ్యలో కుంటుతూ రనౌట్ అయ్యాడు. మ్యాచ్ పోయింది. వారం రోజులు కృష్ణమోహన్ అతనితో మాట్లాడలేదు.

చివరికి హైమ ఎవర్నీ అడక్కుండా శశికాంత్‌ని కారెక్కించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎక్స్‌రేలో తొడ కండ మధ్య తెల్లగా మబ్బుముక్కలా కనిపించింది. నలిగిన కండని మళ్ళీ మళ్ళీ నలిపితే, ఒక్కోసారి శరీరం అక్కడ ఎముక పోస్తుందట. అది పూర్తిగా ముదిరేదాకా కత్తి పెట్టకూడదట. తర్వాత తీసినా మోకాలు మునుపటిలా వంగుతుందని హామీ లేదట. ఎవరు పిసికారని డాక్టర్ అడిగాడు. "ఫ్రెండ్," అన్నాడు శశికాంత్.

ఈ వార్త విన్న లక్ష్మీపతి గంభీరంగా తీర్పు చెప్పాడు.

"ఎముకలు అరిగిపోయాయని ఏడ్చేవాళ్ళని చూశాం. నీకు ఒకటి ఎక్కువొచ్చిందిరా, అదృష్టవంతుడివి."

టీమంతా పడిపడి నవ్వింది.

"మళ్ళ ఆడుతనా, అన్నా?" అని అడిగాడు శశికాంత్.

కృష్ణమోహన్ స్కోర్‌బుక్ తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

అక్టోబర్‌లో కొత్త సీజన్ మొదలైంది. ఓపెనర్ స్థానం ఖాళీగా ఉంది కనక లక్ష్మీపతి దిగాడు. మొదటి మ్యాచ్‌లోనే బంతి లేచి తొడ ముందుభాగంలో తగిలింది. కూలబడ్డాడు. అలవాటు కొద్దీ ఎవరో కారు దగ్గరికి పరిగెత్తి సీసా తెచ్చారు. స్కోరు కుర్చీలోంచి శశికాంత్ లేచాడు. కాలీడ్చుకుంటూ వచ్చి, సీసా అందుకుని, బొటనవేలు చాపాడు.

"పట్టేసిందా, అన్నా?"

"ముట్టుకోకు! ఎవ్వరూ ముట్టుకోకండి!" అని మైదానం అదిరేలా అరిచాడు లక్ష్మీపతి. "హైమా! ఐస్! ఐస్ తే!"

హైమ అతన్ని బోర్లా పడుకోబెట్టింది. మోకాలు వంచి చూసింది. వంచి కట్టి, పులిహోర డబ్బా పక్కనున్న కూలర్‌లోంచి ఐస్ తీసి పెట్టింది.

ఆ తర్వాత మూడో ఆదివారానికల్లా లక్ష్మీపతి కుంటకుండా నడిచివచ్చి మళ్ళీ ఓపెనింగ్‌కి దిగాడు. శశికాంత్ స్కోరు రాశాడు.