ఇదిగో అంటే ఎవరు?

ఎంత మొరాయించే తాళమైనా తాళంచెవుల మేస్త్రీ చేతిలో నోరు తెరుస్తుందని వీధంతా చెప్పుకుంటారు. అంత పేరున్నవాడు, చివరికి పెళ్లాం పేరు దగ్గర బోల్తాపడ్డాడు.

కూతురికి ఆడపిల్ల పుట్టింది. పోయిన వాళ్లమ్మ పేరే పెట్టాలని ఈయన పట్టుపట్టాడు. కూతురు సరేనంది. సాయంత్రం అల్లుడు వచ్చేలోపు తేల్చకపోతే, అతను ఫోన్లో ఏరిపెట్టుకున్న పేరే ఖాయం.

"ఇంతకీ అమ్మ పేర్లలో ఏది నాన్నా?" అంది కూతురు.

అక్కడే పడింది పీటముడి. బడిలో రాయించింది ఒకటి. అత్తగారి పేరూ అదే కావడంతో పెళ్లయ్యాక ఆవిడ మార్చింది ఇంకొకటి. పుట్టింట్లో ఏమనేవాళ్లో కనుక్కుందామని మేస్త్రీ బావమరిదికి ఫోన్ చేశాడు.

"చిట్టి అనేవాళ్లం బావా. మొదట పెట్టిన పేరంటావా... ఆగు, అక్కనే అడిగి..." అని అతను నాలుక్కరుచుకున్నాడు.

కూతురు మూడు పేర్లూ ఫోన్లో కొట్టి చూసింది. "బడి పేరుకి అర్థం తామర. నానమ్మ పెట్టినదానికి వెన్నెల అని అర్థమట, అది ఏ భాషదో తలో మాటా చెబుతున్నారు. చిట్టి అంటే చిన్నది, వీధికి నలుగురున్నారు. నువ్వేమని పిలిచేవాడివి?"

"నేనా? ఇదిగో అనేవాణ్ణి."

"అదీ ఒక పేరేనా?"

"ఏమోనమ్మా. తాళంచెవులు అరగదీసే ఆకురాయి కనబడకపోతే ఇదిగో అనేవాణ్ణి, తెచ్చిచ్చేది. ఆకలేసినా ఇదిగో. జ్వరమొచ్చినా..."

ఇన్నేళ్లు కాపురం చేసి ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. మగమహారాజుల వరస ఇంతే.

కూతురు పిల్లను ఆయన ఒళ్లో పడుకోబెట్టి స్నానానికి వెళ్లింది. పిల్ల గుక్కపట్టింది. మేస్త్రీ ఊపాడు, తాళాలగుత్తి ఆడించాడు, ఊహూఁ. కాళ్లూచేతులూ ఆడక వంటింటి వైపు తిరిగి, "ఇదిగో! పిల్ల ఏడుస్తోంది, రా!" అని కేకేశాడు.

వంటింట్లో ఎవరూ లేరని ఆ తర్వాత గుర్తొచ్చింది. పిల్ల మాత్రం ఏడుపు ఆపి ఆయన మొహంలోకే చూస్తోంది.

తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చిన కూతురు, "ఎవర్ని పిలిచావు నాన్నా?" అంది.

"తెలీదమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం అల్లుడు చెప్పులు విప్పుతూనే, "పేరు తేలిందా?" అని అడిగాడు.

"బడిలో మీరు ఏరిందే రాయించండి. ఇంట్లో పిలిచేది తేలింది," అంది కూతురు.

"ఏమిటది?"

"ఇదిగో."

"ఏదీ?" అంటూ అతను చేతులు చాచాడు. మేస్త్రీ పిల్లను ఆ చేతుల్లో పెట్టాడు.