ఎర్ర పగడం, రాతిపువ్వు

పనిచేసిన బడి మూతపడి రెండేళ్లయింది. నలభై ఆరేళ్ల బాలలక్ష్మికి జువాలజీ చెప్పడం తప్ప వేరే విద్య రాదు. ఇన్నాళ్లకు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ డెమో క్లాసుకు పిలిచింది. పగడానికీ లైకెన్‌కూ పోలికలు చెప్పాలి. నచ్చితేనే ఉద్యోగం.

ఆమె భర్త లింగస్వామి పెళ్లిళ్లకు వంటలు చేస్తాడు. లైకెన్ అంటే రాతిపువ్వేనని తెలియగానే మసాలా డబ్బా తెరిచాడు.

"బొమ్మలెందుకే, అసలుదే పట్కపో. మా అమ్మ పగడపు ఉంగరం గూడ పెట్టుకో."

"పాఠానికి పోతున్ననా, పేరంటానికా?" అంటూనే పెట్టుకుంది.

రాతిపువ్వుకు వేరు లేదు, అది పువ్వూ కాదు. రాళ్లనూ బెరళ్లనూ పట్టుకుని బతికే బూజు. ఒంట్లో నాచుకు చోటిచ్చి, అది ఎండలో వండిపెట్టింది తింటుంది. మటన్‌లో దాని ఘుమఘుమను మెచ్చుకునేవాళ్లలో ఎంతమందికి ఈ కాపురం సంగతి తెలుసు!

క్లాసులో బాలలక్ష్మి ఇదే చెప్పింది. ఎండు రేకులు చేతులు మారాయి. "మేడమ్, ఆకలైతుంది" అన్నారెవరో. నవ్వులు. ఆ ఊపులో ఉంగరం చూపించింది. లోతు సముద్రపు చీకట్లో పెరిగే ఈ ఎర్ర పగడమూ నాచు వండింది తినే బతుకుతుందంది.

ముందు బెంచీలో గీత అనే అమ్మాయి చెయ్యెత్తింది. "చీకట్ల నాచు ఎట్ల వండుతది మేడమ్?"

బాలలక్ష్మి ఉంగరం వంక చూసుకుంది. నాచును ఒంట్లో దాచుకునేవి ఎండ తగిలే నీళ్లలో దిబ్బలు కట్టే పగడాలు. ఉంగరాల్లోకెక్కే ఎర్ర పగడానికి ఆ తోడు లేదు. నీటిలో కొట్టుకొచ్చే నలుసులను పట్టుకుని తన తిండి తానే సంపాదించుకుంటుంది. అత్తగారి ఉంగరం మోజులో రెండింటినీ ఒకటి చేసేసింది. వెనక బెంచీలో యజమాని మల్లికార్జునరావు కళ్లద్దాలు సవరించుకున్నాడు. పిల్లను దబాయించి కూర్చోబెట్టవచ్చు.

"నేనే తప్పు చెప్పిన," అంటూ బోర్డు తుడిచింది. దిబ్బ పగడాన్ని రాతిపువ్వు పక్కన, ఎర్ర పగడాన్ని వేరుగా గీసి మళ్లీ మొదలుపెట్టింది.

గంట కొట్టాక మల్లికార్జునరావు గుమ్మం దగ్గర ఆపాడు.

"మావాళ్లు తప్పు చెబితే పిల్లల్నే కసురుతారండీ. ఆ గీత ధాటికి మూడు నెలల్లో ఇద్దరు వెళ్లిపోయారు. సోమవారం నుంచి ఆ క్లాసు మీదే."

ఎల్బీ నగర్ మెట్రోలో మూలన సీటు దొరికింది. కూర్చోగానే కునుకు పట్టింది. తను దిగేది చివరి స్టేషన్‌లోనే కాబట్టి, దాటిపోతుందన్న బెంగ లేదు.