నాలుగు స్క్రూల పెట్టె

పూర్ణా మార్కెట్‌లో జగ్గారావు పెట్టెల కొట్టు మెట్టు మీద దేవదానం కూర్చోబట్టి ఇరవై ఏళ్లు. లోపల జగ్గారావు కొత్తవి అమ్ముతాడు, బయట దేవదానం పాతవి బాగుచేస్తాడు. అమ్మే నోటికీ బాగుచేసే నోటికీ ఒక్కరోజూ పొత్తు కుదరలేదు. మధ్యాహ్నం మాత్రం ఇద్దరిదీ ఒకటే క్యారేజీ.

ఒకరోజు మహారాణిపేట నుంచి స్టెఫీ అనే పిల్ల వచ్చింది. విమానంలో ఎయిర్‌హోస్టెస్. ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కాలేదు, రెండు పెట్టెలు చచ్చాయి. రెండుసార్లూ చక్రం ఊడి, పెట్టె మోసుకుంటూ డ్యూటీకి ఆలస్యంగా చేరింది. మూడోసారి ఆలస్యమైతే ఇంట్లో కూర్చోమని పైవాళ్లు కాగితం చేతికిచ్చారు.

జగ్గారావు మెరిసిపోతున్న గులాబీ రంగు పెట్టె ముందుకు తోశాడు. "ఇది సూడమ్మా. ఏనుగెక్కినా ఇరగదు."

"ఏనుగుకి విమానంలో ఏటి పని బావా?" మెట్టు మీంచి దేవదానం అన్నాడు. "దాన్నోసారి ఇటియ్యి."

పెట్టె బోర్లించాడు. దాని నిగనిగ వైపు చూడనైనా లేదు. చక్రం మొదట్లో గోరుతో గీకాడు. "రివిట్లు కొట్టీసారు, ఇప్పడానికి స్క్రూల్లేవు. ఇది ఊడితే నాను కూడా ఏటీ సేయలేను."

"అస్సలు విరగనిది ఉంటే చెప్పండి అంకుల్," అంది స్టెఫీ. కళ్లు మాత్రం గులాబీ పెట్టె మీదే ఉన్నాయి.

"ఇరగని పెట్టి ఇంకా పుట్టలేదు పాపా. రోజూ ఈడ్సుకు తిరిగేదానివి. ఇరిగితే బాగయ్యేది కొనుక్కో."

అటక మీద దుమ్ముకొట్టుకున్న నల్ల గుడ్డ పెట్టె దింపించాడు. చక్రానికి నాలుగేసి స్క్రూలు. లోపలి జిప్పు తీస్తే పైకిలాగే పిడి కడ్డీ బోల్టులు చేతికందుతున్నాయి. పక్క కొట్లో బియ్యం మూట అడిగి అందులో పడేసి, "కురుపాం మార్కెట్ దాకా లాక్కెళ్లి రా" అన్నాడు.

స్టెఫీ లాక్కెళ్లింది. "విమానం ఇటు రాదమ్మా" అని కూరగాయలమ్మే అప్పలమ్మ నవ్వింది. గతుకులన్నీ దాటి వచ్చినా చక్రం కిక్కురుమనలేదు.

"ముసలి బ్యాంకు మేనేజర్ పెట్టెలా ఉంది," అని మూతి ముడుచుకునే కొనుక్కుంది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఉదయం స్టెఫీ యూనిఫారంలోనే ఆటో దిగింది. చక్రం ఒకటి అరిగి బిగుసుకుపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గంటలో రిపోర్ట్ చెయ్యాలి అంకుల్. నా పని అయిపోయింది."

"ఆటో ఆపే ఉంచు," అన్నాడు దేవదానం, టీ గ్లాసు పక్కన పెట్టి. నాలుగు స్క్రూలు విప్పాడు, డబ్బాలోంచి కొత్త చక్రం తీసి బిగించాడు. టీ ఇంకా వేడిగానే ఉంది.

ముప్పావుగంట తర్వాత దేవదానం ఫోన్ మోగింది. కళ్లజోడు లేక జగ్గారావుకిచ్చాడు. 'పది నిమిషాలు ముందే వచ్చేశాను అంకుల్. పెట్టె బంగారం' అని ఉంది.

ఆ మెసేజ్‌ను వచ్చిన ప్రతి బేరానికీ జగ్గారావు చదివి వినిపించాడు. "మా కొట్టు పెట్టే" అని కలిపాడు కూడా. సాయంత్రం దాకా ఫోను తిరిగివ్వలేదు.