స్పిరిట్ ఉన్నంతసేపూ నడిచే బండి

మొన్న మా దీవి పడమటి తీరాన ఉన్న లౌటోకాలో షుగర్ పరీక్షకి వెళ్ళాను. నర్సుపిల్ల దూది మీద స్పిరిట్ ఒలికించి నా వేలు తుడుస్తూ, నా మొహం చూసి ఆగిపోయింది. "ఆంటీ, డర్ లగే?" అని మా దీవి హిందీలో అడిగింది. సూదికి భయపడే వయసు దాటి చాలా కాలమైందని చెబుదామనుకున్నాను గాని, భయపడ్డ మాట నిజమే. భయం సూదికి కాదు, ఆ వాసనకి. స్పిరిట్ వాసన తగిలితే అందరికీ ఆస్పత్రి గుర్తొస్తుందట. నాకు మాత్రం ద్రాసాలో స్తంభాల మీద లేపి కట్టిన మా అత్తగారి ఇల్లు, ఆ ఇంటి కింద వేసిన బల్ల, దాని మీద గుండ్రంగా తిరిగే చిన్న ఆవిరి ఇంజన్ గుర్తొస్తాయి. వాటి వెంట ఒక సాయంత్రం కూడా వస్తుంది. "కొంచెం" అన్నాను. ఆ పిల్ల నవ్వి కళ్ళు మూసుకోమంది. మూసుకుంటే అంతా ఇంకా బాగా కనిపించింది.

నేను నౌసోరి పిల్లని. మావైపు వరి, బురద, ఎప్పుడు చూసినా వాన. అగ్గిపుల్ల గీస్తే వెలగడమే గొప్ప. పెళ్ళై ద్రాసా వచ్చాక చూద్దును కదా, చెరుకు ఇంటి మెట్ల దాకా ఉంది, ఆకు ఎండి గలగలమంటోంది, మనుషులు మాట్లాడబోయే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుంటున్నారు. అత్తగారు పొయ్యిలో నిప్పు ఆర్పాక కూడా బూడిద మీద చెంబెడు నీళ్ళు పోసి, పక్కన కూర్చుని, అది చల్లారేదాకా దాన్ని అనుమానంగా చూసేవారు. చుట్టాలెవరైనా పెరట్లో సిగరెట్ ముట్టిస్తే ఆవిడ నీళ్ళ బకెట్‌తో వెనకాలే నడిచేవారు. ఆ మనిషి ఎటు కదిలితే అటు. పాపం, పైకి ఏమీ అనేవారు కాదు.

మామగారు మిల్లులో చెరుకు రైలు నడిపిన మనిషి. ఆ డ్రైవర్లకి ఒక అలవాటు ఉండేది. తమ ఇంటి దగ్గరి గేటు దాటేటప్పుడు ఎవరి కూత వాళ్ళు కూసేవారు. మామగారిది ఒక పొడుగు, రెండు పొట్టి. అది వినగానే అత్తగారు ఎసరు పెట్టేవారు. ఆయన బండిని మిల్లుకి చేర్చి, ఒళ్ళు కడుక్కుని, సైకిలెక్కి ఇంటికొచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉండేది. కూత వినిపించకుండా ఆవిడ ఏనాడూ బియ్యం కడగలేదట. ముందే కడిగితే మనిషి రాడని భయం. ఎవరు చెప్పారని నేనడిగితే, "ఎవురూ చెప్పలే పిల్లా, నాకే తెలుసు" అన్నారు. మా దీవులకి స్వాతంత్ర్యం వచ్చే నాటికి మిల్లు ఆవిరి ఇంజన్లని దాదాపు పక్కన పెట్టేసి డీజిల్‌వి తెచ్చింది. మామగారు వాటినీ నడిపారు గాని, వాటి సంగతి ఎత్తితే పరాయివాళ్ళ పిల్లల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు.

రిటైరైన మర్నాటి నుంచే ఆయన ఇంటి కింద బట్టలుతికే చోటు పక్కన పెద్ద బల్ల వేసి, దాని మీద చిన్న రైలు దారి పరిచారు. గుట్ట ఉంది, వంతెన ఉంది, మిల్లు గేటు ఉంది. ఎండుగడ్డి పుల్లలు వరసగా గుచ్చి చెరుకుతోట కూడా నాటారు. మొదట ఇంజన్ సొంతంగా చేశారు, ఇత్తడి ముక్కలు పోగేసి. అది ఎంత బరువంటే, మొదటి మలుపు దగ్గరే బల్ల దిగిపోయి నేల మీదికి దూకింది. అత్తగారు తెల్లబోయి, ఇది బండి కాదు రోకలి అన్నారు. చివరికి మా ఆయన బా పట్టణంలో తను పనిచేసే సామాన్ల దుకాణం ద్వారా పరదేశం నుంచి ఒక చిన్న ఇంజన్ తెప్పించారు. డబుల్ రొట్టె కంటే చిన్నది. ఆకుపచ్చ ఒళ్ళు, ఇత్తడి గొట్టం. మామగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇది ఇంజినా, చీమా?" అన్నారు. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా అది ఆయన కంచం పక్కనే ఉంది.

దాన్ని నడపడం చూస్తే ఒక ముచ్చట. ముందు ట్యాంకులో పట్టిన వాన నీళ్ళు పొయ్యాలి, బావి నీళ్ళు పనికిరావు. తర్వాత చుక్క నూనె. ఆ తర్వాత అడుగున ఉండే చిన్న రేకు పళ్ళెంలో స్పిరిట్ పోసి, వెలిగించి, లోపలికి తొయ్యాలి. మామగారు మిల్లు టోపీ పెట్టుకునేవారు, అది లేకుండా వెలిగించేవారు కాదు. కాసేపటికి కుండలో పప్పు ఉడుకుతున్న చప్పుడు మొదలవుతుంది. అప్పుడు చక్రాన్ని వేలితో రెండుసార్లు తిప్పాలి. గొట్టంలోంచి వేడినీళ్ళు చిమ్మి మన చొక్కాల మీద పడతాయి. ఇంతలో అది ఉలిక్కిపడ్డట్టు కదిలి, నాలుగు చెరుకు పెట్టెల్ని లాక్కుంటూ బయలుదేరుతుంది. కూత గోరింక అరిచినట్టు ఉండేది. అయినా ఒక పొడుగు, రెండు పొట్టి. వినగానే అత్తగారు పైనుంచి, "ఆఁ, ఎసరు పెడతన్నా" అనేవారు. అది వాళ్ళిద్దరి సరసం. ఆ వయసులో అంతకంటే ఏం సరసమాడతారు.

ఒక్కటే చిక్కు. దాన్ని ఆపడానికి మీట లేదు. వెలిగించామా, స్పిరిట్ అయిపోయేదాకా నడుస్తుంది, అయిపోగానే నిలుస్తుంది. ఇంకో సంగతి, పగటి వెలుగులో స్పిరిట్ మంట కంటికి కనబడదు. "కనబడే నిప్పుతో భయం లేదు. కనబడనిదాంతోనే" అని మామగారు మా అందరికీ ఒక పని నేర్పించారు. పళ్ళెం బయటికి లాగాక, చేతి వెనక వైపు దాని పైన పెట్టి వేడి చూడాలి. చల్లగా ఉందని చెయ్యి చెబితేనే మళ్ళీ పొయ్యాలి. పోసేముందు నీళ్ళు. నీళ్ళు ముందు, నిప్పు తర్వాత. ఆయన జీవితమంతా ఆ నాలుగు మాటల్లో ఉందేమో అనిపించేది నాకు.

అలా ఆటగా సాగుతుండగా రాజధాని సువాలో సైనికులు పార్లమెంటులోకి వెళ్ళి ప్రభుత్వాన్ని దించేశారని రేడియో చెప్పింది. ఆ తర్వాత రోజులు ఎలా ఉండేవో ఇప్పటి పిల్లలకి చెబితే కథ అనుకుంటారు. రోడ్డు మీద తుపాకులతో మనుషులు నిలబడ్డారు. ఎక్కడో మనవాళ్ళదే ఎవరిదో దుకాణం తగలబెట్టారనేవారు, ఎవరినో తీసుకెళ్ళారనేవారు. నిజమెంతో తెలిసేది కాదు, తెలియకపోవడమే ఎక్కువ భయం. ఆ ఏడు చెరుకు కోత మొదలవలేదు. కోయని తోటలు ఇంటి చుట్టూ ఎండుతున్నాయి, అక్కడక్కడ రాత్రికి రాత్రి అంటుకుంటున్నాయి. వాగు అవతల ఉండే కైవీతి పెద్దాయన, అంటే ఈ దీవుల తొలి జాతి మనిషి, ప్రతి శనివారం మా ఇంటి కింద చాప మీద కూర్చుని మామగారితో యంగోనా వేరు కలిపిన మత్తునీళ్ళు తాగేవాడు. తుపాకులు పట్టింది ఆయన జాతివాళ్ళు, భయపడేది మనవాళ్ళు, ఆయన రావడం మానేశాడు. మేమూ వాగు దాటలేదు. ఏ గొడవా లేదు, ఒకరి మొహం ఒకరు ఎలా చూడాలో తెలియలేదంతే.

మా ఆయన మాత్రం రోజూ బా వెళ్ళి రావలసిందే. సాయంత్రం బస్సు దిగి ఆయన మట్టిదారిలో కనబడేదాకా నాకు ఊపిరి సగమే ఆడేది. అత్తగారికి ఆ సగం కూడా ఆడేది కాదనుకుంటాను. ఒకరోజు ఆవిడే కిందికి దిగి మామగారితో, "బస్సు టైముకి ఆ బండి ముట్టించు. కూత పెట్టు" అన్నారు. ఆయన ఆవిడ మొహం చూసి టోపీ తీసుకున్నారు. బండి తిరిగింది, కూసింది, ఆవిడ ఎసరు పెట్టారు, మా ఆయన వచ్చారు. మర్నాడూ అంతే. ఇక అది నియమమైపోయింది. సాయంత్రం దీపం పెట్టడం ఒకనాడు మరిచిపోయారేమో గాని బండి మరవలేదు. పైగా బండి ఆగేలోపు కొడుకు గడపలో ఉండాలని ఇంకొక షరతు ఎక్కడినుంచో వచ్చి చేరింది. మొక్కుబడులంటే వెక్కిరించే మామగారు స్పిరిట్ రోజూ ఓ చుక్క ఎక్కువ పొయ్యడం నేను గమనించాను.

ఆ సాయంత్రం బండి వెలిగింది, కూసింది, బస్సు రాలేదు. బట్టల తొట్టి దగ్గర దుప్పట్లు పిండుతూ నేను రోడ్డుకేసి చూస్తున్నాను. పడమటి ఎండ స్తంభాల మధ్య నుంచి బల్ల మీద పడుతోంది. అత్తగారు బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. బండి చప్పుడు నెమ్మదించింది. గుట్ట ఎక్కలేక ఎక్కలేక ఎక్కింది. "ఆగనీయకు" అన్నారు అత్తగారు. బండి వంతెన మీద నిలిచిపోయింది. "బస్ నై ఆయిస్. ఆగనీయకు దాన్ని" అని మళ్ళీ అన్నారు. మామగారు పళ్ళెం లాగారు. చెయ్యి పెట్టి చూడలేదు. నీళ్ళ మాటే ఎత్తలేదు. అంత పెద్ద రైలుని అన్నేళ్ళు తొందరపడకుండా నడిపిన మనిషి, స్పిరిట్ సీసా తిన్నగా పళ్ళెంలోకి వంచేశారు.

భగ్గుమన్న చప్పుడు విన్నాను. మంట కనబడలేదు. ఆయన చెయ్యి విదిలించడం, సీసా బల్ల మీద పడి దొర్లడం కనబడ్డాయి. ఆ తర్వాత బల్ల మీద చెరుకుతోట దానంతటదే నల్లబడటం మొదలెట్టింది. ఎవరూ ముట్టించకుండా ఒక్కొక్క పుల్లా వంగి, ముడుచుకుని, పడిపోతోంది. ఆ ఎండలో నిప్పు ఎక్కడుందో, ఎటు పోతోందో తెలియదు. పైన చెక్క ఇల్లు. చుట్టూ ఎండిన చెరుకు. నేను చేతిలో దుప్పటి పిండుతూనే ఉన్నాను. అత్తగారు మాత్రం చేట విసిరేసి వచ్చి, తొట్టిలోంచి తడి దుప్పటి లాగి బల్ల మీద కప్పారు. ఇంకోటి కప్పారు. జీవితమంతా నిప్పు వెంట బకెట్ పట్టుకుని తిరిగిన మనిషి కదా. పొగ దట్టంగా లేచి స్తంభాల మధ్య నుంచి బయటికి పోయింది. మామగారి చెయ్యి తొట్టి నీళ్ళలో ముంచాం. ఆవిడ దుప్పటి ఎత్తి చూశారు. ఇంజన్ పక్కకి పడి ఉంది. "ఆగిపోయింది" అన్నారు. మెట్ల నిండా బియ్యం.

అప్పుడే చెరుకులోంచి ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. రోడ్డువైపు నుంచి కాదు, వెనక మిల్లు రైలు దారి వైపు నుంచి. మా కోసం వచ్చారు అనుకున్నాను. గోడకి ఆనించిన చెరుకు కత్తి అందుకున్నాను. దాంతో ఏం చేద్దామనో నాకే తెలియదు. ఆకులు తప్పించుకుని బయటపడింది మా ఆయన. ఒక కాలికి చెప్పు లేదు, చొక్కా చిరిగింది. వంతెన దగ్గర సైనికులు బస్సు ఆపి, అందరినీ దించి, బస్సుని వెనక్కి పంపేశారట. రోడ్డు మీద నడవడానికి భయపడి రైలు పట్టాల వెంట వచ్చారట. ఇల్లు కనబడే మలుపులో పొగ చూశారు. "ఘర్ జల్ గయిస్, ఇల్లు కాలిపోయిందనుకున్నా నాయనా. మీరంతా లోపలే ఉన్నారనుకున్నా" అని అక్కడే చతికిలబడ్డారు. ఆయన పోయారని మేము, మేము పోయామని ఆయన. నేను కత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను. దాన్ని కింద పెట్టమని ఆయనే చెప్పారు.

ఆ వెనకాలే వాగు అవతలి పెద్దాయన తడిపిన గోనెసంచి భుజాన వేసుకుని ఆయాసపడుతూ వచ్చాడు. పొగ చూసి వచ్చాడు. అరటాకంత మేర మాడిపోయిన గడ్డిచెరుకునీ, దాన్ని చుట్టుకుని నిలబడ్డ మమ్మల్నీ కాసేపు చూశాడు. కాలిన చెరుకుని వెంటనే మిల్లుకి తోలకపోతే తీపి పోతుందని ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆయన గొంతు సవరించుకుని, "జలా గన్నా హై భయ్యా, జల్దీ మిల్ భేజో" అన్నాడు. మామగారు నవ్వారు. చెయ్యి నీళ్ళలోనే ఉంది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చారు. అత్తగారు కొడుకుని ముట్టుకోను కూడా లేదు. మెట్ల మీద బియ్యం ఏరుకుని పైకెళ్ళారు. చాలాసేపు పైనుంచి బియ్యం కడుగుతున్న చప్పుడే వినబడింది. కడిగినవే మళ్ళీ కడిగారు.

బండి ఆగిపోయాక కూడా కొడుకు ఇల్లు చేరాడు కనక ఇక ఆవిడకి బెంగ తగ్గుతుందనుకున్నాను. తగ్గకపోగా పెరిగింది. బండి తిరిగినన్నాళ్ళూ ఆ భయానికి చెయ్యడానికి ఒక పని ఉండేది. ఇప్పుడది ఊరికే కూర్చుని మమ్మల్ని తినేది. మిల్లు తిరిగి మొదలై, నిజం రైళ్ళు చెరుకు మోస్తూ మా గేటు దాటాక గాని మామగారు ఇంజన్ తియ్యలేదు. శనివారం పూట, వాగు అవతలి పెద్దాయన చాప మీద ఉండగా వెలిగించారు. ఆకుపచ్చ రంగు ఒక పక్క బుడగలు లేచింది గాని బండి బాగానే నడిచింది. కాలిన చేతికి వేడి సరిగ్గా తెలియడంలేదని, పళ్ళెం మీద చెయ్యి పెట్టి చూసే పని అప్పటినుంచి నాకు అప్పగించారు. ఆయన ఉన్నంతకాలం ఆ పని నాదే.

ద్రాసా భూమి లీజు అయిపోయి మేము లౌటోకా వచ్చేనాటికి అత్తమామలు లేరు. ఇంజన్ అద్దాల బీరువాలో ఉంది, స్పిరిట్ మేము ఇంట్లో ఉంచం. మా ఆయన రిటైరై వరండాలో పేపరు చదువుకుంటూ, మధ్యలో కునికిపాట్లు పడుతుంటారు. బియ్యం కడిగేది నేనే. సాయంత్రం బా బస్సు మా వీధి చివర ఆగిన చప్పుడు వినబడితే, చేతిలో గిన్నె పట్టుకుని వరండాలోకి తొంగిచూసి, ఆయన కుర్చీలో ఉన్నారని నమ్మకం కుదిరాకే ఎసరు పెడతాను. ఆయన ఇల్లు చేరి ఇన్నేళ్ళైంది, ఆ కబురు మాత్రం నా దాకా రావడానికి ఇంకా దారిలోనే ఉంది.