చెట్టు మీది పాట

వాయించే ముందు చాచా ఒక మాట తప్పకుండా అడిగేవాడు. "ఆఖర్ల కూసున్నోళ్లకు ఇనొస్తుందా?"

వనపర్తిలో మా నలుగురి జట్టుకు ఆయనే పెద్ద. ఒక చేత్తో మీటలు నొక్కుతూ, ఇంకో చేత్తో తీగలు మీటే ఆయన బుల్‌బుల్‌తారది చిన్న గొంతు. నా తబలా చప్పుడుకే అణిగిపోయేది. అందుకని ఇంట్లో పాలిచ్చే బర్రెను అమ్మేసి, పట్నం నుంచి బ్యాటరీతో నడిచే కొత్త మైకుసెట్టు తెచ్చాడు. చాచీ వారం రోజులు ఆయనకు పాలు లేని చాయే పోసింది.

ఆ మైకుతో మా మొదటి కచేరీ పెబ్బేరు పక్క ఊళ్లో, ఒక రైతింటి పెళ్లిలో. లౌడ్‌స్పీకరును జనం వెనక, పందిరి అవతలి వేపచెట్టుకు కట్టాం. పెళ్లికూతురి నాయనమ్మ ముందువరుసలో కూర్చోబోతూ, ఆ స్పీకరుకు పసుపు కుంకుమ పెట్టించింది.

చాచా తీగ మీటగానే చెట్టు మోగింది. జనమంతా లేచి, చాపలు తిప్పి పరుచుకుని, చెట్టుకు ఎదురుగా కూర్చున్నారు. మాకు వీపులే మిగిలాయి. నాకు ఒళ్లు మండింది. చాచా మాత్రం వేళ్లు ఆపకుండానే, ఇప్పుడు ఆఖరి వరుసలో పడిన నాయనమ్మ వైపు వంగి అడిగాడు.

"అవ్వా, ఆఖర్ల నీకు ఇనొస్తుందా?"

ఆమె వెనక్కి తిరగనైనా లేదు. "జర సప్పుడు జేయకు సాయిబూ. చెట్టు పాడుతుంది, ఇననీ."

చాచా పగలబడి నవ్వాడు. ఆ నవ్వు కూడా చెట్టు మీంచే వినిపించింది.