వినడం నేర్పేవాళ్ళ మధ్య వెర్నీస్ టాలివర్

మా ఒహాయో కాలేజీలో మేము కౌన్సెలింగ్ పాఠాలు చెప్తాం. ఎదుటి మనిషి మాట ఎలా వినాలో నేర్పడమే మా బతుకుదెరువు. మాలో నల్లజాతి మనిషి వెర్నీస్ టాలివర్ ఒక్కతే. అందుకని వివక్ష మీద వేసిన ప్రతి కమిటీలోనూ ఆవిడే ఉండేది. వివక్ష పడేదీ ఆవిడే, దాన్ని బాగుచేయాల్సిందీ ఆవిడే.

ఏడాది చివర విద్యార్థులు ఆవిడని "కోపిష్ఠి" అని రాసేవారు. అవే మాటలు నేనంటే "నిక్కచ్చి మనిషి" అనేవారు. మా హెడ్డు క్రెయిగ్ హాల్వర్సన్ ఆవిడని పిలిచి, "కాస్త నవ్వుతూ ఉండొచ్చుగా" అని సలహా ఇచ్చేవాడు. నవ్వు సంగతేమో గానీ, ఆవిడకి రక్తపోటు పెరిగింది.

ఆ చలికాలం, వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన మరిసెలా అనే విద్యార్థిని ఆవిడ గదికొచ్చి కూర్చుంది.

"నా యాస వింటే జనం బెదిరిపోతారట మేడమ్. ఈ పనికి పనికిరానన్నారు."

"ఎవరు?"

"క్రెయిగ్ గారే. అప్పట్నించీ తిండి సయించట్లేదు."

వెర్నీస్ నేరుగా వెళ్ళి నిలదీసింది. క్రెయిగ్ మేము తరగతిలో నేర్పినట్టే తల పంకిస్తూ విన్నాడు. విని, "అందరికీ ఒత్తిడి ఎక్కువైంది. మనశ్శాంతి కోసం ఒక రోజు పెడదాం. నువ్వే నడుపు" అన్నాడు.

నడిపింది. కుర్చీలు గుండ్రంగా వేయించి, ఒకరు మాట్లాడుతుంటే తక్కినవాళ్ళు నోరు మెదపకూడదంది. మరిసెలా "నా యాస..." అందో లేదో క్రెయిగ్ అందుకున్నాడు.

"నా ఉద్దేశం అది కాదు."

"నీ వంతు రాలేదు క్రెయిగ్" అంది వెర్నీస్.

ఆ పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఇంకొకాయన, "మా ముత్తాతా నార్వే నుంచి వచ్చినవాడేగా" అన్నాడు. ఆ తర్వాత మాలో ఒకావిడకి, తననే తప్పుపడుతున్నారనిపించి ఏడుపొచ్చింది. మేమంతా ఆవిడని ఓదార్చాం. కాగితం రుమాలు మాత్రం మరిసెలాయే అందించింది.

"చూశావా తల్లీ" అంది వెర్నీస్ అందరికీ వినబడేలా. "వీళ్ళకి వినడం రాదు. నీకొచ్చు. నీ యాసని అలాగే ఉండనీ."



మర్నాడు వెర్నీస్ కమిటీలన్నీ వదిలేసి, మరిసెలా శిక్షణ తన చేతుల్లోకి తీసుకుంది. ఆ అమ్మాయి ఇప్పుడు టొలీడోలో ఒక బడిలో కౌన్సెలరు. పిల్లలు ఆమె గది ముందు బారులు తీరతారు. వెర్నీస్ రక్తపోటు దిగింది. ఏ మందు పనిచేసిందని డాక్టరు అడిగితే, "మీటింగులు మానేశాను" అందట.

మనశ్శాంతి రోజు పెట్టినందుకు కాలేజీ క్రెయిగ్‌కి అవార్డిచ్చింది. ఆ సభకి వెర్నీస్ కూడా వచ్చింది. ఉపన్యాసం సగంలో ఉండగానే, కేకు బాగుందని ఇంకో ముక్క కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయింది.